పెద్దమ్మ పై పన్ను

పోయిన వారం పన్ను చూపించుకుందామని హనుమకొండ పోతే, లోపలికి పిలవకముందే ఒక కాగితం చేతిలో పెట్టి నింపమన్నారు. పేరు, వయసు, షుగర్ ఉందా, బీపీ ఉందా, అన్నీ గబగబా రాసేశాను. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా, గుండె వాల్వు జబ్బు ఉందా అన్న దగ్గర పెన్ను ఆగిపోయింది. నాకా రెండూ లేవు. లేవని రాయడానికి ఎంతసేపు? అయినా పక్క కుర్చీలోని ముసలాయన పెన్ను కోసం చెయ్యి చాపేదాకా ఆ ప్రశ్ననే చూస్తూ కూర్చున్నాను. పన్నుకూ గుండెకూ ఏం సంబంధమని అడిగేవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు నేనూ అడిగినవాణ్ణే. అదీ ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పి.

మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అమ్మకు అక్క, మా పెద్దమ్మ. మరిపెడ దగ్గరి పల్లెలో కూలికి పోయి బతికిన మనిషి, నా చదువు కోసం ఒక కుట్టుమిషను వెంటబెట్టుకుని వరంగల్ వచ్చేసింది. చర్చిలో పాడే ఆడపిల్లల జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. నలభై ఏళ్ళలో కుట్టు వంకర పోయిందని ఒక్కరూ తిరిగి రాలేదు. నోరు మాత్రం సూదికంటే పదును. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద కాబట్టి, కల్లు మీదా తంబాకు మీదా ఆమె మాట్లాడటం మొదలుపెడితే కొత్త కోడళ్ళు తలలు దించుకునేవారు. అంత మనిషి నడుముకు దోపుకున్న చిన్న గుడ్డసంచిలో ఏముండేదంటే, కాల్చి నూరిన తంబాకు పొడి! రోజూ పొద్దున్నే పెరట్లో గోడవైపు తిరిగి నిలబడి చిగుళ్ళకు రుద్దుకునేది. నాట్లకు పోయిన రోజుల్లో ఆకలి తెలియకుండా పట్టుకున్న అలవాటట. వాసన రాకుండా లవంగాలు నమిలేది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. ఒకసారి ఉతికే బట్టల్లో ఆ సంచి దొరికితే నా భార్య చప్పుడు చేయకుండా తీసుకెళ్ళి ఆమె దిండు కింద పెట్టి వచ్చింది.

ఆ పొడి వల్లనో వయసు వల్లనో పై దవడలో ఒక పన్ను పుచ్చింది. నొప్పి లేస్తే లవంగనూనెలో ముంచిన దూది, ఉప్పునీళ్ళు, అప్పటికీ తగ్గకపోతే ఇంకో చిటికెడు తంబాకు. చిగురు వాచి చీము పట్టినా, చెంపకు తడిగుడ్డ కట్టుకుని మిషను తొక్కేదే కానీ దవాఖాన మాట ఎత్తనిచ్చేది కాదు. పీకించుకోమని నేను బతిమాలితే ఒకటే జవాబు.

"పై పన్ను పీకితే కంటి నరం తెగుతది కొడుకా. కండ్లు పోయినంక సూదిల దారం ఎవలు ఎక్కియ్యాలె, నీ పెండ్లామా?"

నా భార్య కళ్ళద్దాల మందం తలుచుకుని నాకూ నవ్వొచ్చింది. కంటి నరం వేరు, పంటి నరం వేరు అని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి, ఇంట్లో మాత్రం నవ్వి ఊరుకున్నాను. పెద్దమ్మకు చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి మోకాళ్ళు వాచాయని విన్నాను. ఆ జ్వరం గుండె వాల్వును కూడా కొంచెం పాడు చేసిందని ఎప్పుడో ఒక డాక్టరు చెప్పాడు. అది గుండె సంగతి, ఇది పంటి సంగతి అనుకున్నాను. ఒంట్లో దేని గది దానిదే అన్నట్టు!

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆమెకు జ్వరం మొదలైంది. సాయంత్రమైతే చలి, పొద్దున్నకు చెమటలు. మా గల్లీలో సూదులేసే ఆయన సూది వేస్తే రెండు రోజులు తగ్గేది, మూడో రోజు మళ్ళీ వచ్చేది. టైఫాయిడ్ అన్నారు. ధర్మసాగర్ చెరువు నుంచి నల్లాల్లో కొత్తనీళ్ళు వచ్చినయి, పడలేదన్నారు. ఆ సూదులకే కాబోలు, పన్ను నొప్పి కూడా తగ్గడంతో మేం దాన్ని మరిచేపోయాం. నెల తిరిగేసరికి ఆమె జాకెట్టు ఆమెకే వదులైపోయింది. అప్పుడు గానీ పెద్ద దవాఖానకు తీసుకుపోలేదు.

డాక్టరు వచ్చే వేళకు పాస్టరయ్య, స్త్రీల సమాజం వాళ్ళు ఇద్దరు మంచం పక్కన ప్రార్థన ముగించి నిలబడి ఉన్నారు. డాక్టరు గుండె చాలాసేపు విన్నాడు. నోరు తెరవమంటే పెద్దమ్మ ముందు పళ్ళు నాలుగు కనిపించేంత మాత్రం తెరిచింది. పళ్ళ నొప్పి, చిగుళ్ళ వాపు ఏమన్నా ఉందా, తంబాకు అలవాటుందా అని ఆయన అడిగాడు. పెద్దమ్మ నావైపు చూసింది. నన్ను పెంచిన మనిషి నన్ను అంతగా బతిమాలడం నేనెన్నడూ చూడలేదు.

"లేదు సార్. మా పెద్దమ్మకు అసొంటివేం లేవు" అన్నాను.

ఆయన రాసుకుని పక్క మంచం దగ్గరికి పోయాడు. కాస్త ఆగి ఆయన వెంట నడిచి, చెవిలో నిజం చెప్పి ఉండొచ్చు. పది అడుగుల దూరం. లేచాను కూడా. పాస్టరయ్య నా భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెబుతుంటే మళ్ళీ కూర్చున్నాను. జ్వరం తగ్గేదాకా మందులు వాడమని రాసిచ్చి రెండో రోజు ఇంటికి పంపించారు. సాయంత్రం చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఇంటికి వచ్చేశాను. నా అంత పిరికివాడు ఉండడు.

నేను ఆ అబద్ధమాడిన పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె ఎడమ చెయ్యి పడిపోయింది. ఊపిరి ఆడలేదు. ఈసారి చూసిన గుండె డాక్టరు స్కానింగ్ తీసి, టార్చి తెప్పించి, పెదవి తనే ఎత్తి చూశాడు. కుళ్ళిన చిగురులోని క్రిములు రక్తంలో దిగి, ఎప్పుడో పాడైన వాల్వు మీద గూడు కట్టాయట. సూదులు వాటిని అప్పుడప్పుడు అణిచాయే కానీ చంపలేదట. ఆ గూడులో ఒక ముక్క విరిగి మెదడుకు పోయిందట.

"ఇంతకు ముందు చూసినవాళ్ళు పళ్ళ సంగతి అడగలేదా?" అన్నాడు.

"అడిగిన్రు" అన్నాను.

ఆయన టార్చి ఆర్పి కాగితం మీద మందులు రాయసాగాడు. నన్ను నాలుగు మాటలు అంటే బాగుండేది.

మందులు ఎక్కిస్తూనే ఉన్నారు. వాల్వు చిరిగిపోయిందనీ, ఆపరేషనుకు ఒళ్ళు తట్టుకోదనీ చెప్పారు. మూడో రోజు పొద్దున ఆమెకు కొంచెం తెలివి వచ్చింది. కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది. తప్పు ఒప్పుకుందామని నేను వంగాను. నాకంటే ముందు ఆమే మాట్లాడింది.

"ఆ దినం అందరి ముంగట నా ఇజ్జత్ కాపాడినవ్ కొడుకా. కన్నకొడుకైనా గంత చెయ్యడు."

నీ ప్రాణం తీసింది ఆ మాటే పెద్దమ్మా అని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఆమె కళ్ళలో ఉన్న సంతోషాన్ని ఎలా తీసెయ్యను? మరునాడు పొద్దెక్కకముందే ఆమె పోయింది. సమాధి దగ్గర పాస్టరయ్య, ఏ చెడ్డ అలవాటూ అంటని తల్లి అని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఏడ్చారు. అందరితో పాటు నేనూ తల ఊపాను.

ముందే తెలిసినా బతికేదని ఖాయంగా చెప్పలేమని ఆ గుండె డాక్టరు తర్వాత ఒకసారి అన్నాడు. మంచి మనిషి, నా మొహం చూసి అన్నాడేమో. పెద్దమ్మ పోయి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళూ ఎలాగో గడిచిపోయాయి కానీ, అంతకు ముందు, నిజం చెప్పడానికి నాకు మిగిలిన ఆ పన్నెండు రోజులే నాకు ఇంకా గడవడం లేదు.