నా గుండె కోసం ఉపవాసాలు

ఎర్రగుంట్ల దగ్గర మా ఊళ్లో నాకు మితభాషినని మంచి పేరు. నిజానికి నేను భీతభాషిని. నలుగురు నా వైపు తిరిగితే చాలు, గుండె దడదడలాడేది, చేతులు వణికేవి. పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తారేమోనని చేతులు కడుక్కునే కుళాయి దగ్గరే నిలబడిపోయేదాన్ని. అంత శుభ్రమైన చేతులు కడప జిల్లాలో ఇంకెవరికీ ఉండవు.

ఒక ఆదివారం మందిరంలో బైబిలు వాక్యం చదవమని మైకు చేతికిచ్చారు. ఊపిరాడక కూలబడ్డాను. కడపకు తీసుకెళ్లి ఈసీజీ తీయించారు. "గుండె బ్రహ్మాండంగా ఉంది. కర్నూలులో మానసిక వైద్యురాలికి చూపించండి" అన్నాడు డాక్టరు. బాగుందన్న మాటకు అంతగా అదిరిపడింది నేనొక్కదాన్నేనేమో. మరి ఇన్నేళ్లూ నన్ను లోపలి నుంచి బాదిందేమిటి?

కర్నూలు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇది సిగ్గూ కాదు, పొగరూ కాదట. మనుషుల చూపంటే భయం. దీనికి మందుంది, సాధనా ఉంది. చిన్న మాత్ర రాసి, బడిపిల్లలకిచ్చినట్టు ఇంటిపని కూడా ఇచ్చింది.

"అంగడికి పొండి. ధర అడగండి. కొనకుండా వచ్చేయండి. గుండె కొట్టుకుంటే కొట్టుకోనీండి. అది నెమ్మదించేదాకా మాత్రం అక్కడి నుంచి కదలొద్దు."

బస్సులో మా ఆయన ఒకటే నవ్వు. "ధర అడిగి కొనకుండా వచ్చేదానికి కర్నూలు దాకా పోవల్నా? మాయమ్మ ఊరికే నేర్పిస్తాండె గదే!"

గాజుల అంగట్లో మొదలుపెట్టాను. చెమటలు కారాయి, కదల్లేదు. కొన్నాళ్లకు టమాటాల బండి దగ్గర గట్టిగా బేరమాడుతున్న ఆడమనిషి గొంతు వినిపించింది. అది నాదే!

అసలు పిడుగు తర్వాత పడింది. ఆ ఆదివారం పాస్టరు గారు మైకులో అన్నారు: "మన చెల్లెమ్మ గుండెజబ్బు దేవుడు నయం చేసినాడు. ఇప్పుడామె సాక్ష్యం చెబుతుంది."

మా సంఘంలో అదొక కట్టుబాటు. ఎవరి కోసమైనా అందరూ ప్రార్థన చేస్తే, మేలు జరిగాక ఆ మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తలొంచుకుని గొణిగాడు: "మనసు డాక్టరంటే పిచ్చనుకుంటారని, పాస్టరుకు గుండె దడ అని మాత్రం చెప్పినా. శుక్రవారం శుక్రవారం నీ కోసం ఉపవాసాలుండారంట."

నాకు నేల కదిలినట్టయింది. లేని జబ్బు కోసం ఇంతమంది కడుపులు మాడ్చుకున్నారా?

"గుండె బాగైంది, దేవునికి స్తోత్రం" అనేసి కూర్చోవచ్చు. మా ఆయన కళ్లతో చెప్పిందీ అదే. కానీ అలా కూర్చుంటే, వచ్చే ఆదివారం నుంచి మళ్లీ ఆ కుళాయి దగ్గరే నా కాపురం.

లేచాను. మైకు అందుకున్నాను.

"నా గుండెకు ఏ జబ్బూ లేదు. మీరంతా చూస్తే నాకు భయం. కర్నూల్లో మనసు డాక్టరు దగ్గర వైద్యం చేయించుకుంటాండా."

ముందు చాప మీద కూర్చున్న అవ్వ ఇంతెత్తున లేచింది.

"ఏందమ్మా! షుగరు పెట్టుకుని నీ కోసం పస్తులుంటి గదా, నన్ను చూసి భయమా?"

"నిన్ను చూస్తేనే శానా భయమవ్వా."

మందిరమంతా గొల్లున నవ్వింది. ఇంతమంది ముందు హాస్యమాడింది నేనేనా?

అవ్వ వెనక్కి తిరిగి గదమాయించింది. "నవ్వింది సాలు. అందరూ కండ్లు మూసుకోండి. పాపం, ఆయమ్మ భయం లేకుండా చెప్పుకోనీండి."

ప్రార్థనకు అలవాటైన జనం. ఒక్క మాటకు అందరి తలలూ వంగాయి, కళ్లు మూసుకున్నాయి. పుట్టినప్పటి నుంచీ నేను కోరుకున్న లోకం అది. నన్ను చూసే కన్ను ఒక్కటీ లేదు. గుండె దడ అప్పుడే తగ్గుతోంది కూడా.

డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. చూపులు తప్పించుకోవడమూ కదిలిపోవడమే.

"వద్దవ్వా" అన్నాను. "కండ్లు తెరవండి. అందరూ నన్నే చూడండి."

ఒక్కొక్క కన్నే తెరుచుకుంది. గుండె మళ్లీ మొదలుపెట్టింది. కొట్టుకోనీ అనుకుని, మైకు గట్టిగా పట్టుకుని, అక్కడే నిలబడ్డాను.