ఏడుపు షాట్ కోసం నేను చెప్పిన మాట

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక మాట నా కడుపులో కుళ్లుతోంది. మా ఆయనకి చెప్పలేదు. కన్న కూతురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర్లో జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న బడిలో ఎల్‌కేజీ చెప్పేదాన్ని. పిల్లల చేత దిద్దించడం కన్నా అడిగించడమే అసలు చదువని నాకొక పిచ్చి. రోజూ పొద్దున్నే బడి వెనక బండల మీద కూర్చోబెట్టి, ఎవరికేం తోస్తే అది అడగమనేదాన్ని. జవాబు వాళ్లే వెతుక్కోవాలి, బొమ్మ గీసైనా, మట్టితో చేసైనా.

అందరికన్నా ఎక్కువ అడిగేది రమ. నాలుగేళ్లది. తల్లి యాదమ్మ షేక్‌పేటలో ఉంటూ సినిమా వాళ్లకి బట్టలు కుట్టేది. "టీచర్, నీడ తడుస్తదా? తడిస్తే ఏడ ఆరేస్తరు?" అనేది రమ. నవ్వొచ్చేది. నా పెంపకమే అని గర్వమూ ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

తల్లి కోసం ఏడ్చే పాప కావాలని ఒక సినిమా వాళ్లు బడికొచ్చారు. రమను ముందుకు తోసింది నేనే. షూటింగ్ ఫిల్మ్‌నగర్‌లో. యాదమ్మ పని వదిలి రాలేనంటే తోడు కూడా నేనే వెళ్లాను. పసిపిల్లల కళ్లలో గ్లిజరిన్ వేయరు. గిల్లో, భయపెట్టో నిజంగానే ఏడిపిస్తారు. అది అక్కడ మామూలు. రమ మాత్రం ఏడవలేదు. పగలే లైట్లెందుకని అడుగుతూ కూర్చుంది.

"ఎండ పోతోంది మేడమ్. మీ మాటైతే వింటుంది, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు అసిస్టెంటు.

కాదనలేకపోయానా? అనగలిగేదాన్నే. అందరూ నావైపే చూస్తున్నారు, టీచరంటే ఈవిడ అనిపించుకోవాలని ఆశ. ఏ మాటకి ఆ పిల్ల కూలిపోతుందో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే రోజూ తన మనసులో ఉన్నదంతా నా ముందు పోసేది, నేనే పోయించుకున్నాను. చెవి దగ్గరికి వంగి చెప్పాను. "నువ్వు ఊరికే ప్రశ్నలడుగుతున్నావని విసిగిపోయి మీ అమ్మ వెళ్లిపోయింది. ఇక రాదు."

నా నోరు పడిపోను! రమ ఏదో అడగబోయింది. పెదవులు విడివడ్డాయి. మళ్లీ మూసుకున్నాయి. ఆ తర్వాతే ఏడ్చింది. షాట్ ఓకే అన్నారు. చప్పట్లు కొట్టారు. "ఊరికే అన్నానమ్మా" అని ఎత్తుకున్నాను. నా భుజం మీద కట్టెలా బిగుసుకుపోయింది.

మర్నాడు బండ మీద ఊరుకునే కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. నెల తిరిగాక యాదమ్మ వచ్చింది.

"టీచరమ్మా, పిల్ల ఏమడుగుతలేదు. ఇంట్ల సుత నోరిప్పుతలేదు. నేను మిషన్ మీద కూసుంటే కొంగు పట్టుకొని గట్లనే నిలబడుతది. షూటింగుల ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరూ ఏమీ అనలేదు యాదమ్మా. పెద్దదవుతోంది, బుద్ధొస్తోంది. సంతోషించు."

"మీరే అన్నంక ఇంగ ఫికరేముంది" అని నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

మొదటి మాట తొందరలో అన్నాననుకుందాం. ఈ రెండోదో? తల్లి ఎదురుగా నిలబడి అడిగింది. నిజం చెబితే ఆవిడే ఏదో దారి చూసుకునేదేమో. ఉద్యోగం పోతుందని భయపడ్డానా, ఆ దండం పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం "అల్లరి తగ్గింది" అని రాసి సంతకం పెట్టాను. జూన్‌లో బడి తెరిచాక రమ రాలేదు. నేను వెతకలేదు. పిల్లల్లో కుతూహలం పెంచే టీచరని తర్వాత నాకు శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

ఇప్పుడామెకి దాదాపు నలభై ఏళ్లుంటాయి. ఎక్కడుందో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. రమ నోరు మూయించింది నేనే. ఇంత సూటిగా రాయడం ఇదే మొదటిసారి. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.