కొంచెం కుడికి మామయ్య

రాజభవనం పెద్ద గేటు ముందు యాత్రికులకు ఫొటోలు తీసే ఆయన్ని అక్కడందరూ ‘కొంచెం కుడికి మామయ్య’ అనేవారు. ఎర్రకోటు, తురాయి టోపీతో బొమ్మలా నిలబడే జవాను దగ్గరికి ఎవరొచ్చినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. జరపకపోతే వెనకున్న తురాయి యాత్రికుడి నెత్తిన మొలిచినట్టు పడుతుంది. కొత్తలో అలా ఒక కొత్త పెళ్లికొడుకుని కోడిపుంజుని చేసి, చీవాట్లు కడుపునిండా తిన్నాడు. అప్పటినుంచీ దేవుణ్ణి తలుచుకోనిదే కెమెరా నొక్కడు.

ఒక ఉదయం భుజాన సంచితో, కాళ్లని కరిచే కొత్త చెప్పులతో ఒక పెద్దావిడ వచ్చింది. కాపలాలో ఉన్నది ఆవిడ కొడుకేనట. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోవాలి, వాడు తనవంక చూస్తున్న ఫొటో ఒక్కటి ఉంటే చాలట. కాపలా జవాను ఎదురుగా ఒకేచోట చూపు నిలపాలనీ, ముక్కుమీద ఈగ వాలినా కదిలితే ఉద్యోగానికే ముప్పనీ మామయ్య నచ్చజెప్పాడు.

“నేను ఈగనా నాయనా?” అంది ఆవిడ.

పక్కన నిలబెట్టి తీశాడు. ముందు నిలబెట్టి తీశాడు. కుడికన్నాడు, ఎడమకన్నాడు. ప్రతి ఫొటోలోనూ కొడుకు ఎక్కడో చూస్తున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసీ చూడనట్టు నటిస్తున్నాడు వీడు, అని ఆవిడ మూతి ముడుచుకుని, కుంటుతూ వెళ్లి ఎదురుగా కుళాయి గట్టుమీద కూలబడింది. చెప్పులు విప్పిందో లేదో, టీ అమ్మే ఆవిడ అడక్కుండానే వచ్చి బొబ్బకి గుడ్డపీలిక కట్టింది.

మామయ్య మొహం చిన్నబుచ్చుకుని నీళ్లు తాగుదామని గట్టు వెనక్కి వెళ్లాడు. తలెత్తితే జవాను చూపు సూటిగా ఆ గట్టుమీదే ఉంది. ఇన్నేళ్లూ మనుషుల్ని జవాను పక్కకి జరపడమే గానీ, జవాను చూసేచోట తానెప్పుడూ నిలబడలేదు. దోసిట్లో నీళ్లు వదిలేసి, ఆవిడ వీపు వెనక మోకాళ్లమీద కూర్చుని, దేవుణ్ణి తలుచుకుని కెమెరా ఎత్తాడు.

అప్పుడే ఆవిడా తలెత్తింది. కొడుకు తననే చూస్తున్నాడు.

“తిన్నావురా?” అంది, ఇంట్లో వడ్డిస్తూ అడిగినట్టు.

తురాయి ఒక్కసారి కిందికీ పైకీ ఊగింది. కెమెరా క్లిక్కుమంది.

గేటు లోపల్నుంచి హవల్దారు బూట్లు టకటకలాడిస్తూ వచ్చి, తల ఎందుకు కదిలిందని జవానుని నిలదీశాడు. జవాను నోరు విప్పకూడదు. పెద్దావిడ కొంగు నలుపుకుంటోంది. మామయ్య చేతులు కట్టుకుని అడ్డం వచ్చాడు.

“నా తప్పేనండీ. అలవాటు కొద్దీ తల కొంచెం కిందికి, కొంచెం పైకి అని కేకేశాను. తననే అన్నాననుకున్నాడు పాపం.”

ఈయన జరపని మనిషి ఆ గేటు దగ్గర లేడు, హవల్దారుతో సహా. అందుకే ఆ మాట ఇట్టే నమ్మాడు. జవానుని వదిలేసి, పాత కోపాలన్నీ కలిపి మామయ్యని తిట్టిపోశాడు. మామయ్య కోడిపుంజునాటి భక్తితోనే విన్నాడు.

హవల్దారు వెళ్లాక పెద్దావిడ ఫొటో చూసుకుంది. కొడుకు కళ్లు తనమీదే ఉన్నాయి. చాలాసేపు చూసి, కళ్లొత్తుకుని, “నా మొహమేదీ? వీపు పడుతుందని చెబితే జడైనా దువ్వుకునేదాన్ని కదా,” అంది.

మామయ్య నవ్వుతూ ఆవిడ సంచి అందుకుని బస్సుదాకా దిగబెట్టడానికి బయల్దేరాడు. దారిలో, ఆడిన అబద్ధం చిన్నదో పెద్దదో నువ్వే తూచుకో స్వామీ, తూచేటప్పుడు మాత్రం కొంచెం కుడికి జరుగు, అని లోలోపల దండం పెట్టుకున్నాడు.