దేవదానం మామకు వద్దన్న ట్యాబ్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు తగ్గలేదు. దాన్ని మోస్తూనే ప్రతి ఆదివారం చర్చిలో పాడుతున్నాను. బాగా పాడుతున్నాను కూడా. పేరు చెప్పను. మాది కమలాపురం దగ్గర ఒక పల్లె, నేను బడిలో టీచర్ని. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందుగా ఒక మాట. నాకు గర్వం ఎక్కువ. అది తప్పని పాస్టరుగారు చెప్పిన ప్రతిసారీ తల ఊపుతాను గానీ మానలేదు. మా ఊళ్లో ఎవరు ఫోన్ కొనాలన్నా, పిల్లల చదువుకు ల్యాప్‌టాప్ కొనాలన్నా ముందు మా గడప తొక్కుతారు. నేను ఊరికే నోటికొచ్చింది చెప్పను. ఏం పనికి? ఎవరు వాడతారు? చూపు ఎలా ఉంది? అన్నీ అడుగుతాను. ఫోనూ ల్యాప్‌టాపూ ఉన్నాయి, ట్యాబ్ కూడా కొనాలా అని అడిగితే మాత్రం చాలామందికి వద్దనే చెబుతాను. టైపు చేసే పనికి అది ల్యాప్‌టాప్ అంత పనికిరాదు, ఫోన్‌లాగా జేబులో పట్టదు. నెల తిరక్కుండా బీరువా ఎక్కుతుంది. నా సలహా విని నష్టపోయినవాళ్లు మా ఊళ్లో లేరు. ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు దేవదానం మామ. మా అమ్మకు వరసకు తమ్ముడు. వయసులో ఉన్నన్నాళ్లు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేశాడు. ఎంత అలిసిపోయినా ఆదివారానికి ఊరు చేరేవాడు, ఎందుకంటే మా చర్చిలో పాటలు అందించేది ఆయనే. అందించడమంటే, ఒకరు పుస్తకంలోంచి ఒక్కో పాదం ముందుగా చదువుతారు, మిగతావాళ్లు అందుకుని పాడతారు. ఎవరికీ చదువు రాని రోజుల్లో మొదలైన పద్ధతి. ఇప్పుడు చదువుకున్నవాళ్లం ఉన్నా అది పోలేదు. అందించే మనిషి ఒకచోట నిలబడకూడదు. ఎడమ చేతిలో పుస్తకం, కుడి చేత్తో తాళం, జనం మధ్యలో తిరుగుతూ గొంతులు పడిపోయిన వైపుకు వెళ్లి లేపాలి. దేవదానం మామ పక్కనుంచి వెళితే మూలిగే ముసలమ్మలు కూడా గొంతెత్తేవాళ్లు.

నాకు రాగాలు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు వేరుశెనగ కాయలు ఒలుస్తూ ఒక్కో పాట పదిసార్లు పాడించేవాడు. నేర్చుకున్నాను. ఆయనకంటే బాగా పాడుతున్నానని నాకు పాతికేళ్లప్పుడే తెలుసు. కానీ మా చర్చిలో ఆడవాళ్లు అందించింది లేదు. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేనూ అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆయనకు చూపు తగ్గింది. ఆపరేషన్ చేయించారు, అద్దాలు మార్చారు, పుస్తకంలో అక్షరాలు మాత్రం అలుక్కుపోయే కనిపించేవి. ఆయన కూతురు కడపలో నర్సు. ఇంట్లో తను వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఉంది, ఆయన దగ్గర ఫోన్ ఉంది. అవి కాక ఒక ట్యాబ్ కొనిస్తే నాన్నకు ఉపయోగపడుతుందా అని నన్ను అడిగింది. నువ్వు సరేనంటే ఈ వారమే కొంటానంది.

ఒక శనివారం మధ్యాహ్నం మామను మా ఇంటికి రమ్మన్నాను. బడి పనికి ఇచ్చిన ట్యాబ్ నా దగ్గర ఉండేది. అందులో ఒక పాట ఎక్కించి, అక్షరాలు చింతగింజంత చేసి ఆయన చేతిలో పెట్టాను. ఎడమ చేతిలోనే పెట్టాను. కాసేపు చూశాడు. అద్దాలు సర్దుకున్నాడు. తర్వాత లేచి నిలబడి, మా నడవలో అటూ ఇటూ తిరుగుతూ, కుడి చేత్తో తొడమీద తాళం వేసుకుంటూ రెండు చరణాలు ఎక్కడా తడబడకుండా అందించాడు. వంటింట్లోంచి మా అత్త అందుకుని పాడింది.

అది చూసి నేను సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. అయితే ఇంకో పదేళ్లు ఈయనే అనుకున్నాను.

"అచ్చరాలు శానా బాగా కనబడ్తాండాయి పాపా," అన్నాడు మామ. "దీన్ని కొనమంటావా? ల్యాప్‌టాప్ ఉండాది, ఫోన్ ఉండాది. ఇది గూడా అంటే దండగేమో అని."

"దండగే మామా. నీ ఫోన్లోనే పాటలన్నీ ఎక్కించిస్తా. అచ్చరాలు పెద్దవి చేసుకోవచ్చు."

"ఫోన్లో ఇంత సుకంగా కనబడ్తాయా?"

"కనబడ్తాయి. దీనికైతే నడి పాటలో చార్జింగ్ అయిపోతాది. చెయ్యి తగిల్తే పేజీ యాడికో పోతాది. అందరి ముందర నవ్వులపాలు అయితావు మామా, నీకెందుకు?"

నవ్వులపాలు అన్న మాట దగ్గర ఆయన ట్యాబ్‌ను మంచం మీద పెట్టేశాడు. "సరేలే పాపా. నీకు తెలిసినంత మాకేం తెలుసు," అని టీ తాగి వెళ్లిపోయాడు.

నేను చెప్పినదాంట్లో ఏది అబద్ధం? చార్జింగ్ అయిపోవచ్చు, పేజీ జారిపోవచ్చు. అందుకే ఇన్నాళ్లూ నన్ను నేను సమర్థించుకోగలిగాను. కానీ ల్యాప్‌టాప్‌ను ఒక చేత్తో మోస్తూ జనం మధ్య తిరగలేరని నాకు తెలుసు. ఫోన్‌లో అక్షరాలు ఆయనకు కావలసినంత పెంచితే తెరమీద మూడు మాటలకు మించి పట్టవనీ తెలుసు. వందమందికి వద్దని చెప్పిన మాట నిజమే, కానీ ఆ వస్తువు ఎవరికోసమో ఆ మనిషే ఆ రోజు మా నడవలో నిలబడి ఉన్నాడు. ఆయనకు వద్దన్నాను.

మాట ప్రకారం ఫోన్‌లో పాటలు ఎక్కించి ఇచ్చాను. ఆదివారం మామ దాన్ని పట్టుకుని లేచాడు. మూడు మాటలు చదవడం, కుడిచేతి వేలితో పైకి నెట్టడం. కుడి చేతికి తాళం పోయింది. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణంలో వేలు ఎక్కువ జరిగి, మూడో చరణంలోని పాదం అందించాడు. మావాళ్లకు అందించింది పాడటం అలవాటు. అదే పాడారు. ఒక్కరూ నవ్వలేదు. అంతమందీ కలిసి తన తప్పునే గట్టిగా పాడుతుంటే మామ విని ఆగిపోయాడు. నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. చంకలో పెట్టుకున్న పాత పాటల పుస్తకం నా చేతిలో పెట్టి, మిగతాది అందించమని సైగ చేశాడు.

నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి.

ఆ రోజు నుంచి నేనే. ఇక్కడ నేను తల దించుకోను. మా చర్చి ఇప్పుడు పాడినట్లు ఇంతకుముందు ఎన్నడూ పాడలేదు. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లయినా, కొత్త చర్చి ప్రతిష్ఠ అయినా నన్ను పిలుస్తారు. నన్ను చూసి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు అందించడం నేర్చుకున్నారు. ఆడవాళ్లకు దారి వేశాననుకుంటాను. నిజంగా వేశాను. ఆ దారికి అడ్డంగా దేవదానం మామ ఎప్పుడైనా నిలబడ్డాడా? లేదు. ఒక ఆదివారం నేను అందిస్తాను మామా అని అడిగి ఉంటే ఇచ్చేవాడేమో, సగం పాటలు నావి, సగం ఆయనవి అయ్యేవేమో. కానీ అడగాలంటే నేను ఒకరి ముందు చెయ్యి చాపాలి. నాకు అది చేతకాదు. చాపకుండానే లాక్కున్నాను, అదీ ఆయనే ఇచ్చినట్లు కనిపించేలా.

రెండేళ్ల క్రితం నా కళ్లకూ అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. ట్యాబ్ కొనుక్కున్నాను. చింతగింజంత అక్షరాలు పెట్టుకుని, ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో తాళం వేస్తూ తిరుగుతున్నాను. నడి పాటలో ఒక్కసారి కూడా చార్జింగ్ అయిపోలేదు. పేజీ యాడికీ పోలేదు. మామ మొదటి వరసలో కూర్చుని నేను అందించిన ప్రతి పాదం అందుకుని పాడతాడు. నేను ఆయన పక్కనుంచి వెళ్లేటప్పుడు నా చేతిలో ఉన్నదేమిటో ఆయనకు కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. ఒక్కనాడూ అడగలేదు.

ఆయనకు చెప్పే ధైర్యం ఇవాళ కూడా లేదు. చెబితే "పోనీలే పాపా" అంటాడు. నాకు ఆ మాట వద్దు. క్షమించమని మిమ్మల్నీ అడగను, నష్టం జరిగింది మీకు కాదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది, అది మాత్రం ఎక్కడో ఒకచోట రాయాలనిపించింది. ఇదంతా ఆ ట్యాబ్ మీదే రాస్తున్నాను.

దండగ కాదు మామా. కొనుక్కో.