కింద చూసింది ఎవరు?

మామ పోయారని పోయిన మంగళవారం ఉదయం వారి అమ్మాయి పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. "డాడీ కంప్యూటర్ ఇంకా ఆన్‌లోనే ఉందంకుల్. ఏదో అడుగుతోంది. ఆపెయ్యడానికి నాకు చేతులు రావడం లేదు," అంది ఇంగ్లీషులో. అది ఏమడుగుతోందో ఆమె చదివి చెప్పనక్కరలేకపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ప్రశ్న నన్నూ అడుగుతూనే ఉంది.

ఆయన నాకు రక్తబంధువు కారు. ఈ దేశం తెల్లవారి పాలన నుంచి బయటపడి కొత్త రాజ్యాంగం కింద కుదురుకుంటున్న రోజులలో నేను గోదావరి ప్రాంతం నుంచి సముద్రం దాటి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాను. ఊరి క్లినిక్కులలో మందుల నిల్వలు చూసే ప్రోగ్రామును తయారుచేసే ఒక చిన్న కార్యాలయం అది. మొదటి రోజున ఆయనను సర్ అని పిలిచాను. "సర్ గిర్ ఒద్దు పంతులూ. మావా అను. మీ వైపునించే మా తాత సెరుకుతోటల పనికి ఓడెక్కినాడు. ఆ సుట్టరికం సాల్దా?" అన్నారు. నేను చదువుకున్న శ్లోకాలూ పద్యాలూ విని ముచ్చటపడేవారు గాని, నా ప్రోగ్రామును మాత్రం ఎన్నడూ చూడకుండా నమ్మలేదు.

ఆ అలవాటు క్లెయిర్‌వుడ్ అనే పేటలోని కూరతోటల నుంచి వచ్చింది. అక్కడ వారి నాన్నగారు టమాటాలు పండించేవారట. పెట్టె నింపినవాడు కాక వేరొకరు దాన్ని తిరగేసి అడుగున ఉన్న కాయను చూడాలి. చూసినవారి పేరు సుద్దతో పెట్టెమీద రాయాలి. పేరు లేని పెట్టె బండి ఎక్కదు. "పైకాయ అందరూ సూత్తారు. కింద సూసింది ఎవరు?" అని ఆ పెద్దాయన కేకేసేవారట. తోటలు పోయాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి, ఇల్లు రెండుసార్లు మారింది. కేక మాత్రం మామతో వచ్చేసింది.

నేను చేరిన కొత్తలో ప్రోగ్రాము కొత్త వెర్షన్ విడుదల చేయడమంటే ఒక యజ్ఞమే. నలుగురు రాసిన భాగాలను ఒకచోట చేర్చి, మూడుచోట్ల వెర్షన్ సంఖ్య మార్చి, ఫ్లాపీలకు ఎక్కించి, చీటీలు అంటించాలి. ఎక్కడో ఒక మెట్టు జారేది. మామ ఆరు నెలలు కూర్చుని ఆ తంతునంతా ఒక స్క్రిప్టుగా, అంటే మెట్లన్నీ తనంతట తానే నడిపే చిన్న ప్రోగ్రాముగా, రాశారు. మాలో ఎవరు ఏ మార్పు చేసి అందరి ఫైళ్ళూ ఉండే ఉమ్మడి నిల్వలో పెట్టినా, అదే అన్నీ కూర్చి, పరీక్షలు నడిపి, సంఖ్య వేసి, ఏమి మారిందో పట్టిక రాసి, టెలిఫోన్ తీగ మీద క్లినిక్కులకు పంపేది. ఒక్కచోట మాత్రం ఆగేది. ఇంగ్లీషు లిపిలో, ఆయన యాసలో, తెరమీద ఒక వాక్యం వచ్చేది: కింద సూసింది ఎవరు? చివరి మార్పు చేసినవాడి పేరు కొడితే ఒప్పుకునేది కాదు. వేరొకరి పేరు పడితేనే కదిలేది.

వెర్షన్ సంఖ్యలోని మూడు అంకెలను ఆయన ఇలా బోధించారు. "మూడో అంకె మారితే కారే రేకు మార్సినట్టు. రెండోది మారితే కొత్త గది కట్టినట్టు. మొదటిది మారితే ఇల్లే మారినట్టు. ఇల్లు మారితే ఎన్ని గిన్నెలు పగుల్తాయో నాకు తెలుసు." మొదటి అంకె మార్చే ముందు ఆయన పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి నడిపేవారు. ఒకనాడు కిటికీలోంచి కొత్త జెండా వైపు చూస్తూ, "దేశం మొదటి అంకె మార్సింది పంతులూ. మార్సాలి. పాత గిన్నెలు పగలకుండా సూడ్డం మన పని," అన్నారు.

ఇక నేను ఇన్నేళ్ళు దాచినది చెప్పాలి.

జాతికొకటిగా వేరువేరుగా నడిచిన పాత ఆరోగ్య శాఖలు ఒకటవుతున్నాయి. ఒకే మందుకు రెండు జాబితాలలో రెండు సంకేతాలు. వాటిని కలిపే పట్టికను నేను రాశాను. సోమవారానికి క్లినిక్కులకు అందాలి. శుక్రవారం మధ్యాహ్నం పరీక్షలన్నీ నెగ్గాయి, ప్రశ్న వచ్చింది. తక్కినవారు ఇళ్ళకు వెళ్ళిపోయారు. మామ పోర్ట్ షెప్‌స్టోన్‌లో అక్కగారింట రామభజనకు వెళ్ళారు. నా పట్టికలో తప్పుంటుందని నేననుకోలేదు. మామ ఉన్నా చూసి సరేననేవారు కదా అనుకుని, ఆయన పేరు కొట్టాను. స్క్రిప్టు కదిలింది.

ఆ పట్టికకు పరీక్షలను నేను పట్టణపు జాబితాతోనే తయారుచేశాను. కొండల మీది క్లినిక్కుల పాత జాబితాలో మూర్ఛ మాత్రల సంకేతం వేరు; నా పట్టిక వాటిని వేరే మందు నిల్వతో కలిపేసింది. అక్కడ నిల్వ నిండుగా ఉన్నట్టు తెర చూపింది. ఖాళీ అరను కళ్ళారా చూస్తూ నర్సు అడిగినా, పైవారు తెరనే నమ్మి మందు పంపలేదు. మూడు వారాలు మాత్రలు లేవు. ఒక అమ్మాయి పొయ్యి దగ్గర మూర్ఛపోయి చెయ్యి కాల్చుకుంది.

ఆ నర్సు స్వయంగా వచ్చింది. శాఖ పెద్దలు కూడిన సభలో మా విడుదల పట్టిక కాగితం బల్లమీద పెట్టి, "దీన్ని చూసినవారి పేరు ఇక్కడుంది. ఆయన ఎవరు?" అని అడిగింది.

మామ లేచారు. "నేనే సిస్టర్. సరిగ్గా చూడలేదు," అని ఇంగ్లీషులో చెప్పి, ఆమె భాష జూలూలో క్షమాపణ కోరారు. ఆయన చేతులను ఆమె చాలాసేపు చూసింది. "ఆ పిల్ల ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటోంది, బాబా," అని మాత్రం, తండ్రిని పిలిచినట్టు, అంది.

నేను రెండో వరుసలో కూర్చుని ఉన్నాను. అగ్నినీ, వాయువునూ, సూర్యచంద్రులనూ సాక్షులుగా పిలిచిన శాస్త్రాలు చదివినవాణ్ని. నోరు తెరవలేదు. ఈ దేశంలో ఉండడానికి నా అనుమతిపత్రం ఆ ఉద్యోగంతో ముడిపడి ఉందన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. ఆ నెలలోనే మామకు రావలసిన కార్యాలయ అధిపతి పదవి రాలేదు. ఆయన అదే బల్ల దగ్గర మిగిలిపోయారు.

సభ ముగిశాక మెట్ల మీద నన్ను ఆపారు. "రేపట్నించి నా పెట్టెలకి నువ్వే కింద సూడు పంతులూ." అంతే. ఆ తరువాత ఆయన పదవీ విరమణ చేసేదాకా ఆయన విడుదల చేసిన ప్రతి వెర్షన్ కిందా నా పేరు కొట్టాను. కొట్టిన ప్రతిసారీ ఎవరో భుజం మీదుగా తెరలోకి చూస్తున్నట్టుండేది. శిక్ష వేశారో, నమ్మకం ఉంచారో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

దహనం మరునాడు వారి ఇంటికి వెళ్ళాను. ఇంటి కంప్యూటర్లో ఆయన అదే స్క్రిప్టును ఉంచుకున్నారు. భజన సంఘం ప్రార్థనల పుస్తకాన్ని ఇంగ్లీషు లిపిలో దిద్ది, కొత్త వెర్షన్‌గా అందరి ఫోన్లకూ పంపడానికి. చివరి మార్పు చేసి, పరీక్షలు నెగ్గించి, ప్రశ్న దగ్గర ఆగిపోయారు. పక్కనే పాత కార్యాలయపు విడుదల పట్టికలు కూడా దాచి ఉన్నాయి. ఆ శుక్రవారపు పంక్తి వెతికాను. చూసినవారు: ఆయన పేరు. దాని పక్కన, నాకెన్నడూ తెలియని ఒక గడిలో, ఏ కంప్యూటర్ నుంచి కొట్టారో కూడా ఉంది. అది నాది. మామ ఆ గడిని సభలో చూపించి ఉంటే, కొట్టింది నేనని తేలిపోయేది.

ప్రార్థనలు చదివాను. మూడో పేజీలో ఒక చరణం రెండుసార్లు పడింది. దిద్ది, నా పేరుతో నిల్వలో పెట్టాను. పరీక్షలు నడిచాయి. ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఇప్పుడు చివరిగా ముట్టుకున్నవాణ్ని నేను, నా పేరు చెల్లదు. నా వేళ్ళు వాటంతట అవే మామ పేరులోని మొదటి అక్షరం కొట్టాయి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మాయిని పిలిచి, ఆ అక్షరాన్నీ, పాత పంక్తినీ చూపించి, జరిగినదంతా చెప్పాను. ఆమె ఆ పంక్తిని మరోసారి చదువుకుంది.

"ఆ పోస్టు రాలేదని అమ్మ ఏడాదిపాటు డాడీతో సరిగ్గా మాట్లాడలేదంకుల్," అంది చివరికి. "ఆయన ఆమెకీ చెప్పలేదు." తరువాత కుర్చీ లాక్కుంది. "జరగండి. పేజీలు నేను చూడాలి కదా."

తెలుగు రాని ఆ పిల్ల, వాళ్ళ ముత్తాత యాసతో, ఒక్కొక్క మాటా వేలితో తాకుతూ పైకి చదివింది. రెండుచోట్ల నన్ను ఆపి అర్థం అడిగింది. నా అక్షరాన్ని చెరిపి తన పేరు కొట్టింది. స్క్రిప్టు కదిలింది. మూడో అంకె ఒకటి పెరిగింది. రాసింది ఆయన, దిద్దింది నేను, చూసింది ఆమె.

విడుదలైన ప్రతి వెర్షన్ మొదటి ప్రతి ఆయనకే వెళ్ళేలా స్క్రిప్టులో రాసుకున్నారు. దీపం పక్కన, పటం ముందు పెట్టి ఉన్న ఆయన ఫోన్ ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు పటం అద్దంలో ఆయన కళ్ళ మీద కాసేపు నిలిచి, ఆరిపోయింది.