గ్రూపుకి బోణీ

ఒడిశాలోని రాయగడలో బెల్లం, ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు నడిపే సన్యాసయ్యను తెలుగువాళ్లు కొట్టుతో కాదు, గ్రూపుతో గుర్తుపడతారు. కొరాపుట్ నుంచి తెరుబలి దాకా చెదిరి బతుకుతున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి ఆయనొక్కడే అడ్మిన్. అద్దెకి గది కావాలన్నా, రైలు ఆలస్యమైనా, ఎవరికైనా రక్తం అవసరమైనా కబురు ముందు అక్కడికే చేరుతుంది.

నలుగురినీ ఒకచోట నిలబెట్టడం ఎలాగో పెద్ద కంపెనీలు పుస్తకాలు రాయించుకుంటాయట. సన్యాసయ్యకి ఆ విద్య కొట్టే నేర్పింది. కొత్తవాడికి పాతవాడొకడు పూచీ పడాలి. వచ్చినవాడు తను ఎవరి తాలూకో, ఏ వీధో సొంత గొంతుతో చెప్పుకోవాలి. గొంతు విన్న మనిషిని తిట్టడానికి నోరు రాదని ఆయన నమ్మకం. తగాదా పడ్డవాళ్లని తీసెయ్యడు, కొట్టుకి పిలిచి టీ తాగిస్తాడు. కుందుర సంతలోనూ అంతే కదా. కూరలమ్మే ఇద్దరి మధ్య గీతేమీ ఉండదు, అయినా ఒకరి గోనె మీదికి ఇంకొకరు జరగరు.

చావు కబురొస్తే మాత్రం షట్టర్ దించేస్తాడు. అంటే, అడ్మిన్ తప్ప ఎవరూ రాయలేకుండా గ్రూపుని మూసేస్తాడు. గులాబీల గుడ్ మార్నింగులు శవం పక్కన వచ్చి పడకూడదని. మర్నాడు తీస్తాడు. తీశాక మొదటి మాట ఎవరిదన్నదే చిక్కు. ఆ చిక్కు విప్పింది ఆయన భార్య గురమ్మ.

"కొట్టుకి బోణీ ఉన్నట్టే దీనికీ ఉండాల," అని ఫోను లాక్కుని, ఆ పూట టమాటా ధర గొంతెత్తి చెప్పేది. వెంటనే ఎవరో ఒకరు, మా ఊళ్లో ఇంకా సవకని దెబ్బలాటకి దిగేవారు. గ్రూపు మళ్లీ నడిచేది.

ఈ వానాకాలంలో గురమ్మే పోయింది. కబురు ఆయనే పెట్టాడు, షట్టర్ ఆయనే దించాడు, పెద్దకర్మ అయ్యాక ఆయనే తీశాడు. ఏడవలేదు. అన్నం పెడితే తిన్నాడు, బేరం వస్తే తూచాడు.

గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. చావు జరిగిన ఇంటివాడు ఏడాదిపాటు బోణీ చెయ్యకూడదు గనుక ఎవరో ఒకరు మొదలుపెడతారని ఆయన ఊరుకున్నాడు. ఆయన నోరు విప్పకుండా తాము మాట్లాడితే తప్పని వాళ్లు ఊరుకున్నారు. అలా వారాలు గడిచిపోయాయి. గ్రూపు కూడా పోయిందనుకున్నాడు. అనుకుంటే ఏమీ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసే బాబి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మావా, మా సుభశ్రీ కానుపుకి ఆస్పత్రిలో ఉంది. రేపు ఆపరేషనంట. ఓ నెగిటివ్ రక్తం సూసుకోమన్నారు. పొద్దున్నించీ మనోళ్లని అడుగుతా కొట్టుకొట్టూ తిరుగుతన్నాను."

"గ్రూపులో ఎయ్యనేదేటి?"

"బోణీ అవనేదు కదా."

సన్యాసయ్య కాటా మీంచి చెయ్యి తీశాడు.

"రాసేను, సెరిపేసేను," అన్నాడు బాబి. "అత్త పోయేక మొదటి మాట రక్తమేటి మావా? నువ్వు మొదలెడతావని అందరం సూస్తన్నాం."

"ఏడాది దాకా నా సెయ్యి పనికిరాదురా."

"సెయ్యెవడడిగేడు? గొంతిప్పు."

సన్యాసయ్య గుమ్మంలోకి వచ్చాడు. ఎదుట బండి మీద కూరలమ్మే ధనుంజయని ఒడియాలో టమాటా ధర అడిగాడు. నలభై అన్నాడతను. సన్యాసయ్య మైకు గుర్తు నొక్కి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"టమాటా నలభై. నాటువి నేవు," అన్నాడు, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు. మళ్లీ నొక్కాడు. "మన బాబి పెళ్లానికి ఓ నెగిటివ్ రక్తం కావాల. ఇవ్వగలిగినోళ్లు బాబికి ఫోన్ సెయ్యండి."

ఇద్దరూ ఫోను వంకే చూస్తూ నిలబడ్డారు. కొరాపుట్ నుంచి ఎవరో, ఇక్కడ ముప్పయ్యైదే అన్నారు. పుచ్చులై ఉంటాయని లమ్తపుట్ వాళ్లు ఎకసెక్కమాడారు. ఈలోగా బాబి ఫోను మోగింది.

"మన గ్రూపు రామ్మూర్తన్న. తనది అదే రక్తమంట, బస్సెక్కుతన్నాడంట." బాబి అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "వస్తాను మావా."

"ఒరే, కానుపయ్యేక సుభశ్రీని కూడా అడ్మిన్‌ని సేస్తాను. మీ అత్త నేదు, బోణీకి ఇంకో గొంతుండాల. తాళం ఒక్కడి దగ్గర ఉండకూడదు."

బాబికి వినపడిందో లేదో.

తెరని పైకి జరుపుతూ పోతే, వేసవిలో గురమ్మ తన గొంతుతో చేసిన బోణీ కనిపించింది. వేలు దాని దాకా వెళ్లింది. నొక్కలేదు. ఫోను గల్లాపెట్టె మీద బోర్లించి, కాటా మీదికి బెల్లం దిమ్మ ఎత్తాడు.