ఆగడం రాని మందు

ప్రయోగశాలలో అందరూ అతన్ని నిదానంగారంటారు. పుండ్లను శుభ్రంచేసే ఎంజైము లేపనాలను పరీక్షించడం అతని పని: గాజు పళ్లెంలో చచ్చిన చర్మం కరగాలి, పక్కనున్న బతికిన చర్మం చెక్కుచెదరకూడదు. పూర్వం సిపాయిల పుండ్లను పురుగులే చచ్చిన మాంసం తిని శుభ్రం చేసేవట. వాటికైనా అతనికున్నంత ఓపిక ఉండేది కాదేమో.

ఇంట్లో తల్లి మడమ మీద పుండు మూడు నెలలుగా మానలేదు. "లోకానికంతా మందు చేస్తావు, నాకింత తేలేవురా" అని ఆవిడ రోజూ సాధిస్తుంది. మొన్న ఏడో లేపనం ఒక్క పూటలో చచ్చిన చర్మాన్నంతా తినేసింది. అతను కాస్త డబ్బాలో తీసి జేబులో వేసుకుని, గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి పెట్టేశాడు. మర్నాటికి పళ్లెంలోని బతికిన చర్మమూ కరిగిపోయింది. ఆ సాయంత్రం ఉప్పునీళ్ల సీసాను అరచేతుల్లో వెచ్చబెట్టి తల్లి మడమ కడుగుతుంటే, "మందు తెచ్చావా?" అంది ఆవిడ.

"దానికింకా ఆగడం రాలేదమ్మా."

"నువ్వే నేర్పు మరి, నీకొచ్చిందే అది" అంటూ బాగున్న కాలు కూడా చాపింది.